పట్టు విడవని పిడికిలి, మాట వినని ఇన్సులిను

ఒక మనిషి మీతో కరచాలనం చేశాడనుకోండి. చెయ్యి వెనక్కి తీసుకోవాలని అతనికీ ఉంది. కాని వేళ్ళు వెంటనే విచ్చుకోవు. కొన్ని సెకన్ల తరువాత నెమ్మదిగా, ఒకటొకటిగా విడివడతాయి. బిగుసుకున్న కండరం వెంటనే సడలకపోవడాన్ని వైద్యులు మయోటోనియా అంటారు. దీనికి తోడు కండరాలు ఏళ్ళ తరబడి కృశించిపోతూ ఉంటే ఆ జబ్బు పేరు మయోటోనిక్ డిస్ట్రఫీ. ఇది తల్లిదండ్రుల నుండి పిల్లలకి సంక్రమించే జబ్బు. 1909లో జర్మనీలో హాన్స్ స్టైనర్ట్ అనే వైద్యుడు దీనిని వివరంగా వర్ణించాడు. అందుకని దీనిని స్టైనర్ట్ వ్యాధి అని కూడా అంటారు.

ఇంతవరకూ బాగానే ఉంది, ఇది కండరాల జబ్బు. కాని ఈ రోగులని కాస్త పరీక్షగా చూస్తే ఇంకా చాలా కనిపిస్తాయి. నలభై ఏళ్ళకే కంట్లో శుక్లాలు. మగవాళ్ళకి చిన్న వయసులోనే ముందు వైపు బట్టతల. రక్తంలో ఇన్సులిను ఎక్కువ, ట్రైగ్లిసరైడ్లు ఎక్కువ. పిత్తాశయంలో రాళ్ళు. థైరాయిడ్ తేడాలు. గుండె కొట్టుకునే తీరులో లోపాలు. పగటిపూట ఆపుకోలేని నిద్ర. పిడికిలికీ శుక్లానికీ, కండరానికీ షుగరుకీ ఏమిటి సంబంధం? బోడిగుండుకీ మోకాలికీ ముడి పెట్టినట్టు లేదూ?

ఆ ముడి నిజంగానే ఉంది. అది ఎక్కడ ఉందో కనిపెట్టడానికి శాస్త్రవేత్తలకి దాదాపు తొంభై ఏళ్ళు పట్టింది. నేను వైద్యుణ్ణి కాను. ఇతరులు రాసిన ప్రోగ్రాముల్లో తప్పులు వెతకడం నా వృత్తి. ఒకదానితో ఒకటి సంబంధం లేనట్టు కనిపించే పది తప్పుల వెనక ఒకే మూలకారణం ఉండడం మన వృత్తిలో అందరికీ అనుభవమే. ఈ జబ్బు కథ అచ్చం అలాంటిదే. అందుకే నన్ను ఆకట్టుకుంది. అయితే కథ బాగుందని మాత్రమే ఇది రాయడం లేదు. ఈ జబ్బు మన ఇళ్ళల్లో ఉంటే దానిని పోల్చుకోవడం ప్రత్యేకించి కష్టం. ఎందుకో చివర్లో చెబుతాను.

ఏ కండర క్షీణత?

తెలుగులో "కండరాల క్షీణత" అనగానే చాలామందికి గుర్తొచ్చేది డూషెన్ రకం. అది మగపిల్లల్లో, చిన్నతనంలో, నడుమూ తొడల కండరాలతో మొదలవుతుంది. మనం చెప్పుకునేది వేరు. పెద్దవాళ్ళలో కనిపించే వంశపారంపర్య కండర క్షీణతల్లో తరచుగా ఎదురయ్యేది ఇదే. ఆడా మగా తేడా లేదు. సాధారణంగా ఇరవై నుండి నలభై ఏళ్ళ మధ్య బయటపడుతుంది. ముందుగా బలహీనపడేవి ముఖం, కనురెప్పలు, మెడ, ముంజేతులు, చీలమండల దగ్గరి కండరాలు. సీసా మూత తిప్పలేకపోవడం, నడుస్తుంటే పాదం ముందు భాగం నేలకి తగిలి తూలడం వంటివి తొలి గుర్తులు.

ఎనిమిది వేల మందిలో ఒకరికి ఉంటుందని పాఠ్యపుస్తకాలు చాలాకాలం చెబుతూ వచ్చాయి. 2021లో న్యూయార్క్ రాష్ట్రం నుండి ఒక అధ్యయనం వెలువడింది. నవజాత శిశువుల నుండి సేకరించిన రక్తపు చుక్కల్లో ఈ జన్యువుని పరీక్షించి చూస్తే సుమారు 2,100 మందిలో ఒకరికి ఈ లోపం ఉందని తేలింది. అంటే చాలామంది తమకి ఇది ఉందని తెలియకుండానే బతికేస్తున్నారన్న మాట. కెనడాలో క్విబెక్ రాష్ట్రపు సాగనే ప్రాంతంలో ఇది మరీ ఎక్కువ. అక్కడ కొన్ని వందల మందికి ఒకరు చొప్పున ఉన్నారు.

కండరం అంటే గిడ్డంగి కూడా

కండరం పని ఎముకలని కదిలించడం మాత్రమే అనుకుంటాం. కాని మన శరీరం బరువులో సుమారు నలభై శాతం కండరమే. అన్నం తిన్న తరువాత రక్తంలో చేరిన గ్లూకోజుని ఇన్సులిను ఆజ్ఞ మేరకు లోపలికి తీసుకుని దాచుకునే పెద్ద గిడ్డంగి అది. గిడ్డంగి చిన్నదైపోతే సరుకు వీధిన పడుతుంది. అందుచేత ఏ కారణంగా కండరం కృశించినా గ్లూకోజు లెక్కలు కొంత తారుమారు కావడంలో వింత లేదు.

ఈ జబ్బులో జరిగేది అంతేనా? కాదు. 1967లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ఒక పరిశోధన వచ్చింది. ఈ రోగులకి గ్లూకోజు ఇచ్చి చూస్తే వాళ్ళ శరీరం మామూలు మనుషులకంటె చాలా ఎక్కువ ఇన్సులినుని విడుదల చేసింది. అలా చేయడం వల్లే గ్లూకోజు అదుపులో ఉంది. పిలిస్తే పలకని వాణ్ణి పది సార్లు కేకలేసి పిలిచినట్టు.

తరువాత 1978లో న్యూయార్క్ రాష్ట్రంలోని రోచెస్టర్ విశ్వవిద్యాలయంలో రిచర్డ్ మాక్స్లీ బృందం ముంజేతి కండరంలోకి నేరుగా ఇన్సులినుని పంపించి, ఆ కండరం ఎంత గ్లూకోజు తీసుకుంటోందో కొలిచింది. రోగుల కండరం ఇన్సులినుకి సరిగ్గా స్పందించలేదు. గిడ్డంగి చిన్నదైపోవడం ఒక్కటే కాదు, మిగిలి ఉన్న గిడ్డంగి తలుపులు కూడా సరిగ్గా తెరుచుకోవడం లేదు. దీనినే ఇన్సులిను నిరోధకత అంటారు.

ఇది ఎందుకు జరుగుతోందో అప్పట్లో ఎవరికీ తెలియదు. జన్యువు దొరికేవరకూ తెలిసే అవకాశమూ లేదు.

రామకోటిలో లెక్క తప్పితే

ఈ జబ్బుకి కారణమైన జన్యువు 1992లో దొరికింది. మనకున్న 23 జతల క్రోమోజోముల్లో ఇది 19వ దాని మీద ఉంది. దాని పేరు డి.ఎం.పి.కె. ఆ జన్యువులో ఒక చోట సి, టి, జి అనే మూడు అక్షరాలు వరసగా మళ్ళీ మళ్ళీ వస్తాయి. సి.టి.జి., సి.టి.జి., సి.టి.జి. అని. మామూలు మనుషుల్లో ఇది 5 నుండి 34 సార్లు ఉంటుంది. 35 నుండి 49 వరకూ ఉన్నవారికి జబ్బు లక్షణాలు ఉండవు, కాని వాళ్ళ పిల్లల్లో ఈ లెక్క పెరిగే ప్రమాదం ఉంది. 50 దాటితే జబ్బు. కొందరిలో ఇది వందలు, వేలు కూడా దాటుతుంది.

లెక్క ఎలా పెరుగుతుంది? రామకోటి రాసేవాళ్ళని చూసే ఉంటారు. "శ్రీరామ" అన్న మాటనే పేజీల కొద్దీ రాస్తూ పోతుంటే ఎన్ని రాశామో తెలియక ఒకటి రెండు ఎక్కువో తక్కువో పడతాయి. వేరు వేరు మాటలున్న వాక్యాన్ని నకలు చేసేటప్పుడు ఆ ప్రమాదం తక్కువ. కణం తన డి.ఎన్.ఏ.ని నకలు తీసేటప్పుడూ, మరమ్మత్తు చేసుకునేటప్పుడూ ఇదే తంటా. మాట ఎన్నిసార్లు పునరావృతమైతే తప్పు జరిగే అవకాశం అంత ఎక్కువ. అందుకని ఒక తరంలో 60 ఉన్నది తరువాతి తరంలో 300, ఆ తరువాత 1,000 కావచ్చు. లెక్క పెరిగిన కొద్దీ జబ్బు చిన్న వయసులో, తీవ్రంగా వస్తుంది. వెయ్యికి పైగా ఉంటే కొందరు పిల్లలు పుట్టుకతోనే ఊపిరి తీసుకోవడానికి, పాలు తాగడానికి ఇబ్బంది పడతారు. ఈ పుట్టుక రకం చాలావరకు తల్లి వైపు నుండి వస్తుంది.

తరతరానికీ జబ్బు ముదరడాన్ని 1918లోనే ఫ్లైషర్ అనే జర్మన్ కంటివైద్యుడు గమనించాడు. ఈ రోగుల పై తరాల వారిలో, కండరాల జబ్బు ఏమీ లేకుండా, శుక్లాలు మాత్రమే ఉండడం ఆయన చూశాడు. కాని 1948లో లండన్‌లో పెన్రోజ్ అనే ప్రఖ్యాత జన్యుశాస్త్రవేత్త ఇదంతా సమాచార సేకరణలో జరిగిన పక్షపాతం అని వాదించాడు. తీవ్రంగా జబ్బు చేసిన పిల్లలూ, తేలికగా జబ్బు ఉన్న తల్లిదండ్రులే వైద్యుడి దగ్గరికి జంటగా వస్తారు, కాబట్టి అలా కనిపిస్తోంది అని. వాదన చాలా పదునైనది. నలభై ఏళ్ళపాటు చాలామంది నమ్మారు. 1992లో జన్యువు దొరికి, తరం నుండి తరానికి లెక్క పెరగడం కంటికి కనిపించాక, కంటివైద్యుడు చూసినది నిజమేనని తేలింది.

కామెంటు వల్ల ప్రోగ్రాము కూలుతుందా?

అసలు చిక్కు ఇక్కడ మొదలయింది. జన్యువులో ప్రోటీను తయారీకి కావలసిన సూచనలు కొంత మేరకే ఉంటాయి. ఈ సి.టి.జి. వరస ఆ సూచనలు ముగిసిపోయిన తరువాత వస్తుంది. మన భాషలో చెప్పాలంటే ఫంక్షను ముగిసిపోయాక, చివర్న రాసిన కామెంటు లాంటిది. ప్రోటీనులో ఒక్క అక్షరం కూడా మారలేదు. మరి కామెంటు పొడుగైతే ప్రోగ్రాము ఎందుకు కూలుతోంది?

మొదట అందరూ అనుకున్నది ఏమిటంటే, ఈ పొడుగు వల్ల డి.ఎం.పి.కె. ప్రోటీను తక్కువగా తయారవుతోందేమో అని. 1996లో ఆ జన్యువుని పూర్తిగా తీసేసిన ఎలుకలని తయారుచేశారు. వాటికి మయోటోనిక్ డిస్ట్రఫీ రాలేదు, చిన్న చిన్న తేడాలే కనిపించాయి. 2000లో రోచెస్టర్ బృందం దీనికి సరిగ్గా తిరగేసిన ప్రయోగం చేసింది. డి.ఎం.పి.కె.తో సంబంధం లేని వేరే కండర జన్యువు చివర సుమారు 250 సి.టి.జి.లు అతికించి ఎలుకల్లో పెట్టారు. ఆ ఎలుకలకి మయోటోనియా వచ్చింది!

అంటే నేరం ప్రోటీనుది కాదు. డి.ఎన్.ఏ. నుండి ప్రోటీను తయారయ్యే ముందు మధ్యలో ఆర్.ఎన్.ఏ. అనే నకలు తయారవుతుంది కదా, నేరం దానిది. ఆ నకలులో కామెంటు కూడా ఉంటుంది. వందల కొద్దీ పునరావృతమైన ఆ భాగం తనమీద తాను మడత పడి, తలపిన్ను ఆకారంలో ముడుచుకుని, కణకేంద్రకం దాటి బయటికి రాకుండా లోపలే పేరుకుపోతుంది. పేరుకుంటే పేరుకుంది, చోటు తప్ప ఏం పోయింది అనుకోవచ్చు. పోయేది చోటు కాదు, పనివాళ్ళు.

బందీ అయిన కూర్పరి

మన జన్యువుల్లో సూచనలు ఒకే ముక్కగా ఉండవు, తునకలు తునకలుగా ఉంటాయి. కణం ముందు అన్నిటినీ నకలు తీసి, అక్కరలేనివి కత్తిరించి, కావలసినవి అతుకుతుంది. ఏ తునకని ఉంచాలి, ఏది వదలాలి అన్నది పరిస్థితిని బట్టి మారుతుంది. ఒకే సోర్సు కోడు నుండి వేరు వేరు కంపైల్ ఫ్లాగులతో వేరు వేరు బిల్డులు తీసినట్టు. గర్భంలో ఉన్న శిశువుకి ఒక బిల్డు, పెద్దయ్యాక ఇంకొకటి. శిశువు బిల్డు నుండి పెద్దవాళ్ళ బిల్డుకి మార్చే కూర్పరుల్లో ముఖ్యమైనది మసిల్‌బ్లైండ్ అనే ప్రోటీను.

ఈ మసిల్‌బ్లైండ్ ఆర్.ఎన్.ఏ. మీద కొన్ని గుర్తులు చూసి అతుక్కుంటుంది. దురదృష్టవశాత్తు ఆ ముడుచుకున్న కామెంటు నిండా అలాంటి గుర్తులే. వందల కొద్దీ. పోయి అతుక్కున్న మసిల్‌బ్లైండ్ అక్కడే చిక్కుకుపోతుంది. పనికిమాలిన ప్రాసెస్ ఒకటి అందరికీ కావలసిన లాకుని పట్టుకుని వదలకపోతే మిగిలిన ప్రోగ్రాములన్నీ ఎలా ఆగిపోతాయో అలాగ. దాంతో పెద్ద వయసు మనిషి కణాల్లో పసిబిడ్డ బిల్డులు నడుస్తూ ఉంటాయి. 2003లో ఎలుకల్లో మసిల్‌బ్లైండ్ జన్యువుని చెరిపేసి చూశారు. పొడుగాటి కామెంటు ఏమీ లేకుండానే మయోటోనియా, శుక్లాలు వచ్చాయి.

ఇక ముడులు ఒక్కొక్కటీ విప్పుకుందాం. కండరం బిగిసిన తరువాత సడలడానికి క్లోరైడు అయాన్లు నడిచే దారి ఒకటి ఉండాలి. దాని కూర్పు తప్పడం వల్ల పిడికిలి విడవదని 2002లో తేలింది. మరి ఇన్సులిను? ఇన్సులిను తాళంచెవి అయితే, కణం మీద దానికి సరిపడే తాళం ఇన్సులిను గ్రాహకం. ఆ గ్రాహకపు జన్యువులో పదకొండవ తునక చాలా చిన్నది, 36 అక్షరాలు, అంటే 12 అమైనో ఆమ్లాలు. పెద్దవాళ్ళ కండరంలో ఆ తునక ఉన్న గ్రాహకం ఎక్కువగా ఉండాలి, గ్లూకోజు విషయంలో అదే బాగా పనిచేస్తుంది. ఆ తునక లేని రకం గర్భస్థ శిశువుకి పనికొచ్చేది, అది పెరుగుదలకి సంబంధించిన వేరే హార్మోను మాట కూడా వింటుంది. 2001లో హ్యూస్టన్‌లోని బేలర్ వైద్య కళాశాలలో థామస్ కూపర్ బృందం ఈ రోగుల కండరాల్లో పదకొండవ తునక లేని రకం ఎక్కువగా ఉందని చూపించింది. 1967లో కనిపించిన వింతకి 34 ఏళ్ళ తరువాత దొరికిన సమాధానం ఇది.

ఇదే మొత్తం సమాధానం అనుకోకూడదు. కండరం తగ్గడం, కదలిక తగ్గడం, కొవ్వు పెరగడం, హార్మోనులు తగ్గడం కూడా ఇందులో పాలుపంచుకుంటాయి. కాని మూలం మాత్రం తేలింది. అదే 2001లో మరో సాక్ష్యం దొరికింది. ఈ జబ్బులో రెండో రకం ఒకటుంది. అందులో 19వ క్రోమోజోములో ఏ లోపమూ లేదు. మూడో క్రోమోజోము మీద, వేరే జన్యువులో, నాలుగక్షరాల మాట ఒకటి పునరావృతమవుతోంది. జన్యువు వేరు, అక్షరాలు వేరు. అయినా అదే మయోటోనియా, అవే శుక్లాలు, అదే ఇన్సులిను నిరోధకత. రెండిటిలోనూ ఉమ్మడిగా ఉన్నది మసిల్‌బ్లైండుని బందీ చేసే ఆర్.ఎన్.ఏ. ఒక్కటే.

రిపోర్టు చదివేటప్పుడు

మూలం తెలిస్తే రక్తపరీక్ష రిపోర్టు చదివే తీరు మారిపోతుంది. ఈ జబ్బు ఉన్నవారి విషయంలో మామూలు కొలబద్దలు చాలాచోట్ల మోసం చేస్తాయి.

పరగడుపు గ్లూకోజు మామూలుగానే ఉండవచ్చు, లోపల ఇన్సులిను మాత్రం రెట్టింపు కష్టపడుతూ ఉంటుంది. అందుకని ఏడాదికోసారి పరగడుపు గ్లూకోజూ, గత రెండు మూడు నెలల సగటు చెప్పే హెచ్.బి.ఎ1సి.నీ రెండూ చూడమని 2018లో వెలువడిన నిపుణుల సిఫారసులు చెబుతున్నాయి.

బరువుని ఎత్తుతో పోల్చి లెక్కగట్టే బి.ఎం.ఐ. ఇక్కడ నమ్మదగినది కాదు. కండరం పోయి దాని స్థానంలో కొవ్వు చేరితే ముల్లు అక్కడే ఉంటుంది. సన్నగా కనిపించే మనిషికి కూడా పొట్ట చుట్టూ కొవ్వు, ట్రైగ్లిసరైడ్లు ఎక్కువగా ఉండడం ఇందులో సాధారణం.

క్రియాటినిన్ కండరం నుండి వచ్చే పదార్థం. అది రక్తంలో తక్కువగా ఉంటే మూత్రపిండాలు బ్రహ్మాండంగా ఉన్నాయని సూత్రం లెక్కగడుతుంది. కండరమే తక్కువైనప్పుడు క్రియాటినిన్ ఎలాగూ తక్కువే. మూత్రపిండాలు నిజంగా దెబ్బతిన్నా రిపోర్టు పచ్చజెండా ఊపుతుంది. ఇలాంటప్పుడు కండరంతో సంబంధం లేని సిస్టాటిన్ సి అనే పరీక్ష మేలు.

కాలేయం పరీక్షల్లో జి.జి.టి. అనే ఎంజైము ఈ రోగుల్లో తరచు ఎక్కువగా ఉంటుంది. ఎ.ఎల్.టి., ఎ.ఎస్.టి. కాలేయం నుండే కాదు, కండరం నుండి కూడా వస్తాయి. ఈ సంగతి తెలియకపోతే జన్మలో మందు ముట్టని మనిషిని "ఎంత తాగుతారు?" అని నిలదీస్తారు. కొలెస్టరాలుకి ఇచ్చే స్టాటిన్లు కొందరిలో కండరాన్ని బాధపెడతాయి. ముందే బలహీనంగా ఉన్న కండరం విషయంలో వైద్యుడికి ఆ సంగతి తెలిసి ఉండాలి. వీటితో పాటు థైరాయిడ్, మగవారిలో టెస్టోస్టెరోన్, విటమిన్ డి కూడా చూడవలసిన జాబితాలో ఉన్నాయి.

జీవక్రియల గురించి చెబుతూ ప్రాణాంతకమైన రెండు విషయాలని వదిలేస్తే తప్పవుతుంది. ఒకటి గుండె. గుండెలో విద్యుత్ సంకేతం నడిచే దారి ఈ జబ్బులో దెబ్బతింటుంది. మనిషికి ఏమీ తెలియకుండానే హఠాత్తుగా ప్రాణం పోవచ్చు. ఏడాదికోసారి ఇ.సి.జి. తప్పనిసరి, అవసరమైతే పేస్‌మేకర్ అమరుస్తారు. రెండోది శస్త్రచికిత్సప్పుడు ఇచ్చే మత్తు. మత్తుమందులూ, నొప్పి తగ్గించే నల్లమందు జాతి మందులూ వీళ్ళ మీద మామూలుకంటె బలంగా పనిచేస్తాయి. ఆపరేషను బాగా జరిగాక కూడా, గంటల తరువాత, ఊపిరి మందగించవచ్చు. పిత్తాశయంలో రాళ్ళ కోసమో, ప్రసవం కోసమో బల్ల ఎక్కే ముందు ఈ జబ్బు పేరు మత్తు వైద్యుడికి చెప్పడం ప్రాణం కాపాడే పని.

మన ఇళ్ళల్లో ఎందుకు దాగుతుంది

ఇప్పుడు మొదట్లో చివరికి వాయిదా వేసిన మాట. 2023లో ప్రచురించిన భారత వైద్య పరిశోధన మండలి సర్వే ప్రకారం మన దేశంలో పెద్దవాళ్ళలో 11.4 శాతం మందికి మధుమేహం ఉంది, మరో 15.3 శాతం మంది దాని అంచున ఉన్నారు. "మా ఇంట్లో అందరికీ షుగరే" అన్న మాట వినని తెలుగువాడు ఉండడు. షుగరు ఉన్నవాళ్ళకి శుక్లాలు త్వరగా రావడమూ మామూలే. బట్టతల గురించి ఎవరూ వైద్యుడి దగ్గరికి వెళ్ళరు. పగలు నిద్రపోతే బద్ధకం అంటాం. చేతిలో గ్లాసు జారితే పరధ్యానం అంటాం. విడివిడిగా చూస్తే ప్రతిదానికీ తేలికైన సంజాయిషీ ఉంది. అడవిలో చెట్టు దాగినట్టు, జబ్బు మన మామూలు జబ్బుల మధ్య దాగుతుంది.

ఒక కుటుంబాన్ని ఊహించుకుందాం. తాతగారికి యాభై లోపు శుక్లాల ఆపరేషను అయింది. ఆ ఫైలు గుంటూరులో కంటివైద్యుడి దగ్గర ఉంది. కూతురికి షుగరు, ట్రైగ్లిసరైడ్లు, చేతుల్లో బలం తక్కువ. ఆమె ఫైలు హైదరాబాదులో. డల్లాస్‌లో ఉన్న మనవడికి ముప్ఫై ఏళ్ళకే మెట్లెక్కితే ఆయాసం, ఇ.సి.జి.లో ఏదో తేడా. ముగ్గురు వైద్యులూ సమర్థులే. కాని ఏ ఒక్కరి దగ్గరా మూడు ఫైళ్ళూ లేవు. మూడు సర్వర్ల లాగులని ఒక చోట పెడితే తప్ప కనిపించని తప్పు ఇది.

ఇంకో అపోహ కూడా అడ్డు వస్తుంది. వంశపారంపర్య జబ్బు అనగానే మనవాళ్ళు ముందు మేనరికం గురించి అడుగుతారు. మేనరికం కాకపోతే ఆ ఊసే వదిలేస్తారు. తల్లి నుండీ తండ్రి నుండీ రెండు లోపపు నకళ్ళు కలిస్తేనే వచ్చే జబ్బులకి ఆ ప్రశ్న సరైనదే. దీనికి ఒక్క నకలు చాలు. తల్లిదండ్రుల్లో ఒక్కరికి ఉంటే ప్రతి బిడ్డకీ సగానికి సగం అవకాశం ఉంది. బయటి సంబంధం చేసుకున్నా, సముద్రం దాటి వచ్చినా ఆ లెక్క మారదు.

పరీక్ష సంగతి

అనుమానం వస్తే చేసేది రక్తంతో జన్యుపరీక్ష. ఇక్కడ సాంకేతికం తెలిసిన మనబోటివాళ్ళే బోల్తా పడే అవకాశం ఉంది. ఉమ్మి పంపిస్తే వంశచరిత్ర చెప్పే పరీక్షలు ఈ లోపాన్ని చూడవు. అవి ముందే ఎంచుకున్న విడి అక్షరాలని మాత్రమే చూస్తాయి. ఖరీదైన జీనోమ్ సీక్వెన్సింగ్ కూడా సాధారణంగా 150 అక్షరాల చిన్న ముక్కలుగా చదివి కలుపుతుంది. వెయ్యి సి.టి.జి.లు అంటే మూడు వేల అక్షరాలు. ఆకాశం మాత్రమే ఉన్న జిగ్‌సా ముక్కలని కలిపి, ఆకాశం ఎంత పొడుగో చెప్పమన్నట్టు ఉంటుంది. అందుకని ఈ జబ్బుకోసం ప్రత్యేకించిన పరీక్షనే పేరు పెట్టి అడగాలి. హైదరాబాదులో నిమ్స్‌లో వైద్య జన్యుశాస్త్ర విభాగం ఉంది. సి.డి.ఎఫ్.డి.లో జన్యుపరీక్షల విభాగం ఉంది. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియనివాళ్ళు అక్కడ అడగవచ్చు.

అమెరికాలో ఉన్నవాళ్ళకి ఒక మాట. 2008లో వచ్చిన గినా చట్టం ప్రకారం జన్యుపరీక్ష ఫలితం ఆధారంగా ఆరోగ్య బీమా కంపెనీలూ, ఉద్యోగమిచ్చేవారూ వివక్ష చూపకూడదు. కాని జీవిత బీమాకీ, వైకల్య బీమాకీ, వృద్ధాప్య సంరక్షణ బీమాకీ ఆ రక్షణ వర్తించదు. లక్షణాలు లేనివాళ్ళు పరీక్షకి ముందు జన్యు సలహాదారుతో మాట్లాడి, ఈ సంగతులు ఆలోచించుకోవడం మంచిది.

మందులు

జబ్బుని మొదలంటా నయం చేసే మందు ఇంకా లేదు. చేతులు ముడుచుకు కూర్చోవలసిన పనీ లేదు. కండరాల బిగువుకి మెక్సిలెటిన్ అనే పాత గుండె మందు పనిచేస్తుంది. 2018లో యూరప్‌లో నాలుగు దేశాల్లో 255 మందితో జరిపిన పరీక్షలో, అలసటనీ ఆలోచనా సరళినీ సరిదిద్దే మాటల చికిత్స, దానితో పాటు క్రమంగా పెంచే వ్యాయామం రోగుల చురుకుదనాన్ని పెంచాయి. అదే ఏడాది ఫ్రాన్సులో 40 మందితో మన ఇళ్ళల్లో అందరికీ తెలిసిన షుగరు మందు మెట్‌ఫార్మిన్‌ని పరీక్షించారు. 48 వారాలు పూర్తిగా వాడినవాళ్ళు ఆరు నిమిషాల్లో నడిచే దూరం సగటున సుమారు 33 మీటర్లు పెరిగింది. ఉత్తుత్తి మాత్ర తిన్నవాళ్ళకి 4 మీటర్లే. మధ్యలో మానేసినవాళ్ళని కలిపితే ఈ తేడా గట్టిగా నిలబడలేదు. ఆశ కలిగించే ఫలితమే కాని తీర్పు కాదు.

అసలు మందు ఎలా ఉండాలో మాత్రం స్పష్టమే. లాకు పట్టుకున్న ఆ ఆర్.ఎన్.ఏ.ని చంపెయ్యాలి. దానికి సరిగ్గా జతపడే చిన్న ఆర్.ఎన్.ఏ. వంటి ముక్కలతో ఎలుకల్లో జబ్బు వెనక్కి మళ్ళింది. 2010ల దశకంలో మనుషుల మీద చేసిన తొలి ప్రయత్నంలో మందు కండరంలోకి చాలినంత చేరలేదు. ఇప్పుడు ఆ ముక్కని, కణం ఇనుముని లోపలికి తీసుకునే తలుపుని గుర్తుపట్టే ప్రోటీనుకి అంటించి పంపిస్తున్నారు. ఇనుముతో పాటు దొంగచాటుగా మందు కూడా లోపలికి పోతుందన్న మాట. 2020ల మొదటి నుండీ ఇలాంటివి మనుషుల మీద పరీక్షల్లో ఉన్నాయి. ఒకే మూలం నుండి ఇన్ని ముడులు పడ్డాయి కాబట్టి, ఆ మూలాన్ని కదిపితే పిడికిలీ, గుండే, ఇన్సులినూ అన్నీ కొంత కొంత సర్దుకోవచ్చునన్నదే ఆశ.

ఆ మందు వచ్చేలోగా చేయగలిగిన పని ఒకటుంది. దానికి ప్రిస్క్రిప్షను అక్కరలేదు. మనలో చాలామంది ఇంటి నుండి వాట్సాప్‌లో వచ్చే రక్తపరీక్ష రిపోర్టులని చూసి, ఎర్ర రంగులో ఉన్న అంకెల గురించి మాత్రం అడిగి ఊరుకుంటాం. ఈసారి అమ్మా నాన్నలతో మాట్లాడేటప్పుడు అంకెల కంటె ముందు మనుషుల గురించి అడగండి. ఇంట్లో ఎవరికైనా యాభై లోపు శుక్లాలు వచ్చాయా? ఎవరి చేతి పట్టు అయినా వింతగా ఉండేదా? ఎవరైనా నిద్రలోనో, చిన్న ఆపరేషను తరువాతో హఠాత్తుగా పోయారా? చాలా ఇళ్ళల్లో జవాబు "లేదు" అనే వస్తుంది, సంతోషం. "అవును" అని వస్తే మాత్రం ఆ జవాబులన్నీ ఒకే కాగితం మీద రాసి, ఒకే వైద్యుడి చేతిలో పెట్టండి.